పదకొండో అంగుళం

పోస్టులో వచ్చిన డబ్బా గజం పొడవుంది, బరువు మాత్రం లేదు. ఆర్డిస్ దాన్ని వంటింటి బల్ల మీద పెట్టి రొట్టెలు కోసే కత్తితోనే చింపింది. లోపల పెన్సిల్ కంటే సన్నటి ఇనుప పుల్ల, దాని కొసన బియ్యపుగింజంత అద్దం, అద్దం పక్కన కంటికి ఆనీ ఆనని దీపం. పుల్ల పొడవునా అంగుళాల గీతలున్నాయి. రెండో కొసనున్న తీగని ఫోనుకి తగిలిస్తే అద్దంలో పడిందంతా తెర మీద కనిపిస్తుంది. తుపాకీ గొట్టంలోకి దూర్చి చూసే కెమెరా అది, బోర్‌స్కోప్ అంటారు. ఒకప్పుడు పెద్ద కర్మాగారాల్లో తప్ప ఉండేది కాదు. ఇప్పుడు అమెరికాలో మోంటానా గోధుమచేల మధ్య ఉన్న ఇంటికి కూడా నడిచి వచ్చేస్తోంది.

"నా మోకాల్లోకి కెమెరా పెట్టి చూడాలంటే ఆసుపత్రి వాళ్లు ఆర్నెల్లు ఆగమన్నారు," అన్నాడు ఆమె మొగుడు మైలో, కుర్చీలో కాలు చాపుకుని. "నీ తుపాకీకి మూడు రోజుల్లో వచ్చేసింది. నన్ను కూడా గొట్టంగా పుట్టించి ఉంటే బాగుండేది."

"గొట్టమైతే నోరు మూసుకుని ఉండేవాడివి," అంది ఆర్డిస్.

మూడేళ్ల కింద ట్రాక్టరు తిరగబడినప్పటి నుంచి మైలో ఎడమ కాలు అతని మాట వినదు. నోరు మాత్రం రెండు కాళ్ల పని చేస్తుంది. ఆర్డిస్ ఇరవై ఆరేళ్లు స్కూలు బస్సు నడిపి నిరుడే మానేసింది. శనివారాల్లో క్లబ్బు మైదానంలో ఆరొందల గజాల దూరం నుంచి కాగితం మీద గురిపెట్టి కాల్చడం ఆమెకున్న ఒకే ఒక్క వ్యసనం. పోయిన నెలలో అయిదు తూటాలూ కాఫీ సాసరులో పట్టేంత చోట పడ్డాయి. ఆ కాగితం ఇంకా ఫ్రిజ్ తలుపు మీదే ఉంది.

గ్యారేజీలో తుపాకీని బల్లకున్న వైసు పట్టులో బిగించి, బోల్టు తీసి, పుల్లని వెనకవైపు నుంచి మెల్లిగా లోపలికి జరిపింది. తెర మీద మొదట మసక. పుల్లని కాస్త తిప్పగానే మసక విడిపోయింది. ఆర్డిస్ ఊపిరి బిగబట్టింది.

ఇన్నేళ్లుగా గొట్టాన్ని కిటికీకేసి పట్టి ఒక కన్ను మూసి చూస్తే కనిపించేది ఒక వెలుగు చుక్క, చుట్టూ వెండి మెరుపు. అంతే. లోపల ఇంత లోకం ఉందని ఎవరు చెప్పారు? గట్టు, గాడి, మళ్లీ గట్టు, మళ్లీ గాడి, అన్నీ ఒకదాన్నొకటి తరుముకుంటూ మెలి తిరిగి, దీపం చేరినంత మేరా వెలుగుతూ, చేరని చోట చీకట్లోకి దిగిపోతున్నాయి. దున్నిన చేను చుట్ట చుట్టినట్టు ఉంది. తను వేలసార్లు ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ తూటా ఈ దారిన గింగిరాలు తిరుగుతూ పోయిందన్నమాట. ఆమెకి ఒళ్లు జలదరించింది. "మైలో! ఒకసారి ఇటు రా!" అని కేక పెట్టింది గానీ, అతను కర్ర వెతుక్కునేలోపే ఆమె మొహంలో సంబరం కాస్తా పోయింది.

తూటా గొట్టంలో అడుగుపెట్టే చోట వాన లేని ఏడాది నేలలా నెర్రెలు. ఇంకాస్త ముందుకి జరిపితే గాడుల్లో రాగి చారలు. గట్ల మీద అడ్డంగా గీతలు. మూతి దగ్గరికి వచ్చేసరికి ఆ గీతలు పిల్లలు గోరుతో గీకినట్టు కనిపించాయి. పుల్లని మూడుసార్లు తీసి తుడిచి మళ్లీ పెట్టింది. గీతలు ఎక్కడికీ పోలేదు.

ఆ సమయానికే పక్క పొలం డెల్బర్ట్ అరువు తీసుకెళ్లిన నిచ్చెన ఇవ్వడానికి వచ్చాడు. అతనూ క్లబ్బు మనిషే. మైకు అవసరం లేని గొంతు. టోపీ వెనక్కి నెట్టి తెరలోకి తొంగి చూశాడు.

"ఇది హల్వర్ పెద్దాయన చేసిన గొట్టమేనా?"

"ఆయనదే. కడ్డీ కొసన సీసం పోసి, దానికి గరుకు పొడి పూసి, లోపలంతా చేత్తో రుద్ది నునుపు చేశానన్నాడు."

"నునుపా? మా ధాన్యం లారీ పొగగొట్టం లోపల ఇంతకంటే నయం. నిన్ను ముంచాడమ్మా ఆర్డిస్. చేత్తో రుద్దిన గొట్టం అద్దంలా ఉండాలి. ముసలాయనకి ఓపిక అయిపోయింది, ఎవరు చూడొచ్చారులే అనుకున్నాడు."

"పోయిన నెల సాసరులో కొట్టింది కదా," అన్నాడు మైలో గుమ్మంలోంచి.

"నీ కాలు కూడా పోయిన నెల నొప్పి లేదన్నావు," అన్నాడు డెల్బర్ట్.

మర్నాడు శుక్రవారం. ఆర్డిస్ ఆ గీతల్ని పోగొట్టాలని నడుం కట్టింది. మామూలుగా ఆమె గొట్టాన్ని మందు నీళ్లతో తడిపిన గుడ్డముక్కతో తుడుస్తుంది, గుడ్డ మీద రాగి కరిగిన నీలం రంగు దిగడం ఆగగానే ఆపేస్తుంది. ఆ రోజు ఊరి దుకాణం నుంచి గరుకు పేస్టు డబ్బా తెచ్చింది. గుడ్డకి దట్టంగా పట్టించి, కడ్డీకి గుచ్చి, వెనక నుంచి తోసింది. పది తోపులకోసారి కెమెరా పెట్టి చూసింది. గీతలున్నాయి. ఇంకో పది. ఉన్నాయి. మూతి దగ్గరవి మరీ మొండివి. అక్కడ గుడ్డని మూతి బయటిదాకా తోసి వెనక్కి లాగింది, తోసి లాగింది. కంటికి కనిపిస్తున్న మురికిని వదిలిపెట్టడం ఆమె వల్ల కాదు; బస్సు అద్దాల మీద ఈగ మరక కూడా ఉంచని మనిషి. మధ్యాహ్నానికి భుజం లాగేసింది. గోళ్ల సందుల్లో నల్లటి పేస్టు ఇంకిపోయి సబ్బుకి కూడా వదల్లేదు.

భోజనం దగ్గర మైలో ఆ వేళ్లు చూశాడు. "రేపు పెద్దాయనతో ఏమంటావు?"

"ఉన్న మాట అంటాను."

"అనేముందు ఒక మాట గుర్తు పెట్టుకో. ట్రాక్టరు పడిన రోజు ఆ మనిషి జాకీ భుజాన వేసుకుని పరిగెత్తుకు రాకపోతే నేనివాళ ఈ బంగాళదుంపలు తినేవాడిని కాదు."

"దానికీ దీనికీ ఏం సంబంధం?" అంది ఆర్డిస్. "మంచివాడైతే చెడ్డ గొట్టం మంచిదైపోతుందా?"

మైలో బంగాళదుంపల మీద ఉప్పు చల్లుకున్నాడు.

శనివారం పొద్దున గాలి లేదు. మైదానంలో గాలి జెండాలు తలలు వేలాడేసుకున్నాయి. ఇంత మంచి రోజు ఏడాదికి రెండుసార్లు వస్తే గొప్ప. హల్వర్ ఎప్పట్లాగే కుర్చీ వేసుకుని లెక్కలు రాయడానికి కూర్చున్నాడు. డెబ్బై ఏడేళ్ల మనిషి, వంగిన భుజాలు, పలకల్లాంటి చేతులు. ఆర్డిస్ అయిదు తూటాలు కాల్చింది. కాగితం తెచ్చి చూస్తే అవి సాసరులో కాదు కదా, భోజనం పళ్లెంలో కూడా పట్టవు. మళ్లీ కాల్చింది. ఇంకా అధ్వాన్నం.

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ఫోను తీసి ఆ బొమ్మల్ని హల్వర్ మొహానికెదురుగా పట్టింది. "పెద్దాయనా, ఇది మీరు చేత్తో రుద్దిన గొట్టమా? నాకు చెప్పింది ఒకటి, లోపల ఉన్నది ఇంకొకటి. నమ్మి తీసుకున్నాను కదా!"

మైదానంలో ఉన్న ఇరవై మందీ ఆగిపోయారు. హల్వర్ ఫోను వంక కళ్లు చికిలించి చూశాడు. తర్వాత కాగితం మీది చిల్లుల్ని చూశాడు, చాలాసేపు. ఆ తర్వాత ఫోను పట్టుకున్న ఆమె చేతి వేపు చూశాడు. చివరికి, "సోమవారం పట్టుకు రా అమ్మాయ్. బాగుచేసిస్తాను, కాకపోతే కొత్తది చేసిస్తాను," అన్నాడు.

అంతకంటే ఒప్పుకోలు ఏముంటుంది? డెల్బర్ట్ అక్కడికక్కడే అందుకున్నాడు. క్లబ్బులో కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం పది తుపాకులున్నాయి. వాటికి ఈ చలికాలం కొత్త గొట్టాలు వెయ్యాలి. ఎప్పుడూ ఆ పని హల్వర్‌దే, చెప్పకుండానే. "ఈసారి ఆ పది సిటీ దుకాణానికి ఇద్దాం. సోమవారం సాయంత్రం మీటింగు పెట్టండి, చేతులెత్తి తేల్చేద్దాం," అన్నాడు. క్లబ్బు పెద్ద కార్లీన్ మొహం చిట్లించింది గానీ కాదనలేదు. హల్వర్ లెక్కల పుస్తకం మూసి, పెన్ను జేబులో పెట్టుకుని, తన పాత ట్రక్కు వేపు నడిచాడు. పోటీ సగంలో ఉండగా ఆయన వెళ్లిపోవడం ఎవరూ ఎన్నడూ చూడలేదు. ఆర్డిస్ అది గమనించింది. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి పట్టించుకోలేదు.

ఆదివారం చర్చి వదలగానే ఆర్డిస్ గ్యారేజీ ముందు ట్రక్కులు బారులు తీరాయి. హల్వర్ చేసిన గొట్టం ఉన్నవాళ్లందరికీ ఒకటే గుబులు. ఒక్కొక్కరూ తుపాకీ ఇవ్వడం, ఆర్డిస్ పుల్ల దూర్చడం, అందరూ తెర చుట్టూ మూగడం, "అయ్యయ్యో" అనడం. ప్రతి గొట్టంలోనూ నెర్రెలే, ప్రతి గొట్టంలోనూ గీతలే. డెల్బర్ట్ పెళ్లిపెద్దలా అటూ ఇటూ తిరుగుతూ వచ్చినవాళ్లకి కాఫీలు పోశాడు. కాఫీ మాత్రం ఆర్డిస్‌ది.

అందరి తర్వాత కార్లీన్ తన తుపాకీ తెచ్చింది. పంతొమ్మిదేళ్ల కింద ఆమె దానితో కొట్టిన గురి ఈ రోజుకీ క్లబ్బు రికార్డు. ఆ కాగితం అద్దం కట్టించి క్లబ్బు గోడకి తగిలించారు. ఆ గొట్టమూ హల్వర్‌దే. ఆర్డిస్ పుల్ల లోపలికి పెట్టింది.

ఎవరూ అయ్యయ్యో కూడా అనలేదు. ఆ లోపలి సంగతి చెప్పనక్కర్లేదు. నెర్రెలు కాదు, బీటలు. పక్కింటి కుక్కలన్నీ కలిసి తవ్వినట్టుంది.

"మొన్న బుధవారం దీంతోనే కాల్చాను," అంది కార్లీన్ నెమ్మదిగా. "మూడు తూటాలు. ఒక గుడ్డు కింద దాచేయొచ్చు."

"ఇది ఇలా ఉండి అలా కొడుతుందా?" అన్నారెవరో వెనక నుంచి.

ఆర్డిస్‌కి ఒక ఆలోచన తట్టింది. "డెల్బర్ట్, నీ కొత్త తుపాకీ ట్రక్కులో ఉందా? ఇంకా ఒక్క తూటా కూడా కాల్చలేదన్నావే, కర్మాగారం నుంచి వచ్చింది, అది ఇలా ఇవ్వు."

డెల్బర్ట్ గర్వంగానే తెచ్చిచ్చాడు. దాని లోపల నెర్రెలు లేవు, నిజమే. కానీ అడ్డగీతలు ఈ చివర నుంచి ఆ చివరిదాకా, గట్టని లేదు గాడని లేదు, స్క్రూ మరలాగా. అడ్డగీతలు తప్ప ఇంకేమీ లేవు. ఆర్డిస్ మళ్లీ కార్లీన్ తుపాకీ తీసుకుంది. ఈసారి భయంతో కాదు, బస్సు కింద చప్పుడు ఎక్కడిదో వెతికినట్టు వెతుకుతూ చూసింది. అప్పుడు కనిపించాయి. బీటల కింద, అడ్డగీతల మీదుగా, మెలిక వెంబడే సాగిన సన్నటి నిలువు గీతలు. తల వెంట్రుక కంటే సన్నం. వందలు. గట్టు ఎటు తిరిగితే అటు తిరుగుతూ, ఎక్కడా తెగకుండా, మొదలు నుంచి మూతిదాకా.

"ఇవి చేతివి," అంది. "మిషను అడ్డంగా తిరుగుతుంది. చెయ్యి నిలువుగా తోస్తుంది. ఇవి ఆయన తోసిన తోపులు. ఒక్కోటీ ఒక్కో తోపు."

టోపీ ఉన్నవాళ్లు ఎందుకో తెలియకుండానే టోపీలు సర్దుకున్నారు. ఒక మనిషి చెయ్యి పంతొమ్మిదేళ్ల కింద చేసిన పని ఇనుము లోపల, ఎవరి కన్నూ పడని చోట, అలా నిలిచి ఉంది. ఎవరో చూస్తారని చేసింది కాదు. చూసే పరికరమే అప్పుడు లేదు.

ఆర్డిస్ తన తుపాకీ తీసి వైసులో పెట్టింది. పుల్ల తోసింది. నిలువు గీతలు ఉన్నాయి, దాని నిండా ఉన్నాయి. గురువారం కూడా ఉండే ఉంటాయి, ఆమె చూసింది అడ్డగీతలనే. పుల్లని మూతి వేపు జరుపుతూ పోయింది. ఆఖరి రెండంగుళాల్లో నిలువు గీతలు లేవు. గట్ల అంచులు చప్పరించిన బిళ్లలా గుండ్రంగా అరిగిపోయాయి. అంతా నున్నగా, అద్దంలా ఉంది, డెల్బర్ట్ చెప్పినట్టే.

ఆమె తన గోళ్ల వంక చూసుకుంది.

"గీతలు చూపించి గొప్ప అంటే ఎలా?" అంటున్నాడు డెల్బర్ట్. "కొట్టలేదు కదా! శనివారం అందరం చూశాం కదా!" కొందరు తలూపారు. కొందరు ఊపలేదు. ఆర్డిస్ నోరు తెరిచింది, కానీ ఆ మాట ముందు చెప్పాల్సింది వీళ్లకి కాదనిపించి మూసేసింది.

సోమవారం పొద్దున్నే తుపాకీ పట్టుకుని హల్వర్ షెడ్డుకి వెళ్లింది. లోపల కటింగ్ నూనె వాసన, కిటికీ కింద లేత్ మిషను, గోడ పొడుగునా ర్యాకుల్లో గొట్టాలు. హల్వర్ రెండు కప్పుల్లో కాఫీ పోసి పెట్టాడు, ఆమె వస్తుందని తెలిసినట్టు.

"పెద్దాయనా, నేను మీతో..."

"ఆగు," అన్నాడు. "నీ మాట తర్వాత. ముందు నా వేళ్లని విననీ."

మెత్తటి సీసపు బిళ్ల ఒకటి తీసి గొట్టం మూతి మీద పెట్టాడు. కొయ్య సుత్తి అందుకున్నాడు, దానితో పని పడలేదు. బొటనవేలితో నొక్కగానే బిళ్ల లోపలికి దిగిపోయింది. అతని మొహంలో ఒక కండరం కదిలింది. కడ్డీ పెట్టి, కళ్లు మూసుకుని, మూడు వేళ్లతో నెమ్మదిగా తోశాడు. రెండంగుళాలు పోయాక కడ్డీ ఠక్కున బిగిసింది. అక్కడి నుంచి చివరిదాకా వెన్నలో కత్తిలా ఒకే తీరున సాగింది. ఆర్డిస్ ఆ వేళ్ల వంకే చూస్తూ కూర్చుంది. కెమెరా ఇరవై రెట్లు పెద్దది చేసి చూపించినదాన్ని ఆ వేళ్లు చీకట్లో చదువుతున్నాయి.

"అన్నిటికంటే బిగువుగా ఉండాల్సింది మూతి దగ్గర," అన్నాడు కళ్లు తెరిచి. "అక్కడే వదులైంది. గరుకు పేస్టు. గుడ్డ మూతి బయటికొచ్చాక మళ్లీ లోపలికి లాగావు."

"లాగాను," అంది ఆర్డిస్. "మీకు శనివారమే తెలుసు."

"నీ గోళ్లు చూశాను."

"మరి అందరి ముందు ఎందుకు చెప్పలేదు?"

"అందరి ముందు చెప్తే నువ్వు అందరి ముందు వినాలి కదా," అన్నాడు హల్వర్. "రెండంగుళాలు కోసేద్దాం. మూతి కొత్తగా తీర్చిస్తాను. మళ్లీ సాసరులో కొడుతుంది. కాఫీ తాగు, చల్లారిపోతోంది."

కాఫీ తాగాక ఆర్డిస్ సంచీలోంచి కెమెరా తీసింది. స్కూల్లో అడిగి తెచ్చిన పెద్ద తెర కూడా బల్ల మీద నిలబెట్టింది. "మీరెప్పుడైనా లోపల చూశారా?"

"కిటికీ కేసి పెట్టి చూడ్డమే. యాభై రెండేళ్లుగా అంతే."

పుల్ల లోపలికి జరిగింది. హల్వర్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. తెర నిండా గట్లూ గాడులూ వెలిగాయి. నిలువు గీతలు మెలిక వెంబడి పారుతూ వచ్చాయి. హల్వర్ చెయ్యి తనంతట తనే లేచి, గాల్లో కడ్డీ పట్టినట్టు, ముందుకి ఒకసారి, వెనక్కి ఒకసారి కదిలింది.

"ఇవి..."

"మీవే."

తెర వెలుగు అతని కళ్లద్దాల మీద పడి మెలి తిరుగుతోంది. యాభై రెండేళ్లు చీకట్లో చేసిన పని మొదటిసారి ఎదురుగా వచ్చి నిలబడితే మనిషి ఏమంటాడు? ఆర్డిస్ తల వంచుకుని, పుల్లని వీలైనంత నెమ్మదిగా జరిపింది.

"ఆపు," అన్నాడు హల్వర్ ఒక్కసారిగా. "వెనక్కి. కొంచెం. అక్కడ."

మూతి నుంచి పదకొండో అంగుళం దగ్గర నిలువు గీతలకి అడ్డంగా ఒక మసక పట్టీ. ఉంగరమంత వెడల్పు. చెప్పకపోతే ఎవరికీ కనిపించదు. ఆదివారం ఆ గ్యారేజీలో ఎవరికీ కనిపించలేదు కూడా.

"తోపు మధ్యలో ఆగకూడదు," అన్నాడు. "ఈ పనిలో మొదటి పాఠం అదే. మొదలుపెడితే చివరిదాకా పోవాలి. మధ్యలో ఆగితే సీసం అక్కడ కూర్చుని కొరుకుతుంది. ఇక్కడ నా చెయ్యి ఆగింది. తర్వాత ఇంకో రెండొందల సార్లు తోశాను. వేళ్లకి తగలడం మానేసింది. పోయిందనుకున్నాను." కళ్లద్దాలు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. "పోలేదు. శనివారం నువ్వన్న మాట నిజమే అమ్మాయ్. మచ్చ ఉన్న గొట్టమే ఇచ్చాను నీకు."

"మీ వేళ్లకే తగలని మచ్చ తూటాకేం తగులుతుంది! అది ఉండగానే కదా సాసరులో కొట్టింది!"

"అది వేరు. సాయంత్రం మీటింగులో చెప్తాను."

"చెప్పకండి! డెల్బర్ట్ పట్టుకుని ఊగిపోతాడు. ఆ పది గొట్టాలూ పోతాయి."

"నీ రెండంగుళాలు నువ్వు చెప్పుకో," అన్నాడు హల్వర్. "నా అంగుళం నేను చెప్పుకుంటాను."

"అసలెందుకు ఆపారు?"

"పని పడింది," అని లేచి కప్పులు కడగడానికి వెళ్లాడు. "ఇంటికెళ్లి తుపాకీ కొయ్యలోంచి గొట్టం విప్పి ఉంచు. రేపు కోద్దాం."

మధ్యాహ్నం ఆర్డిస్ గ్యారేజీలో మరలు విప్పింది. హల్వర్ బిగించి ఇచ్చిన దగ్గర నుంచి ఆ మరల జోలికి ఆమె ఎప్పుడూ పోలేదు, ఊరికే కదిలించొద్దని ఆయనే చెప్పాడు. కొయ్యలోంచి గొట్టం పైకి లేచి వచ్చింది. కొయ్యకి ఆనుకుని ఉండే అడుగు భాగాన, ఎవరూ చూడని చోట, చిన్న ఉలితో కొట్టిన అంకెలు కనిపించాయి. రుద్దడం మొదలుపెట్టిన రోజు తేదీ వేస్తాడాయన. అది ఆయన అలవాటని అందరికీ తెలుసు.

సెప్టెంబరు పద్నాలుగు. ఏడాది చూసింది. మళ్లీ చూసింది.

చేతిలోని స్క్రూడ్రైవర్ని బల్ల మీద పెట్టేసింది. మూడేళ్ల కింద ఆ రోజే తను పొలం అడ్డంపడి పరిగెత్తింది. ఆ షెడ్డు తలుపు తోసి "మైలో కింద పడ్డాడు, ట్రాక్టరు మీద పడింది" అని అరిచింది. కిటికీ దగ్గర హల్వర్ రెండు చేతులతో పొడవాటి కడ్డీ పట్టుకుని, ఒక కాలు ముందుకి వేసి, సగం వంగి ఉన్నాడు. ఏం చేస్తున్నాడని ఆమె చూడలేదు. ఎవరు చూస్తారు? చేతులు వదిలేశాడు. జాకీ అందుకున్నాడు. అంతే గుర్తు.

గొట్టం పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. మైలో ముందు బల్ల మీద పెట్టి తేదీ చూపించింది. పదకొండో అంగుళం సంగతి చెప్పింది. ముప్పై నాలుగేళ్ల కాపురంలో మైలోకి మాట దొరక్కపోవడం ఆమె చూడటం ఇదే మొదలు. కాసేపటికి కర్ర అందుకుని స్నానాల గదిలోకి వెళ్లి గడ్డం గీసుకున్నాడు. చర్చికి వేసుకునే చొక్కా తొడుక్కున్నాడు.

క్లబ్బు గదిలో సాయంత్రం ఆరింటికి ఇంకా బోలెడంత ఎండ ఉంది. పరదాలు వేశారు. కార్లీన్ రికార్డు కాగితం కింద పెద్ద తెర పెట్టారు. ఆర్డిస్ నిలబడి చెప్పాల్సింది చెప్పింది. అరిగిన మూతి తెర మీద చూపించి, "ఇది చేసింది నేను. నా పేస్టు, నా చెయ్యి. శనివారం ఆయన్ని అన్న ప్రతి మాటా వెనక్కి తీసుకుంటున్నాను," అంది. గదిలో గుసగుసలు లేచాయి. డెల్బర్ట్ కూడా తల గోక్కున్నాడు. వ్యవహారం అక్కడితో తేలిపోయేదే.

హల్వర్ లేచాడు. "పదకొండో అంగుళం పెట్టు అమ్మాయ్."

ఆర్డిస్ మైలో వేపు చూసింది. మైలో తలూపాడు. ఆమె పుల్ల జరిపింది. తెర మీద మసక పట్టీ నిలిచింది.

"ఇది నాది," అన్నాడు హల్వర్. "ఇక్కడ తోపు మధ్యలో ఆపాను. పోయిందనుకుని ఇచ్చాను, పోలేదు. మీ పది గొట్టాలూ ఎవరికివ్వాలో ఇది చూసి తేల్చుకోండి."

డెల్బర్ట్ ఊరుకుంటాడా? కుర్చీలో ముందుకి జరిగాడు. "మొదలుపెడితే ఆపకూడదని మాకందరికీ నువ్వేగా చెప్పేవాడివి? మరెందుకు ఆపావు?"

"పని పడింది."

"అంత కొంపలు మునిగే పనేంటి పెద్దాయనా? మా పది గొట్టాల మధ్యలో కూడా అలాగే పనులు పడితేనో?"

ఒకరిద్దరు నవ్వారు. హల్వర్ జవాబు చెప్పలేదు. చెప్పడని ఆర్డిస్‌కి తెలుసు. చెప్పేవాడైతే మూడేళ్లలో ఎప్పుడో చెప్పేవాడు.

వెనక వరసలో కర్ర నేలకి తగిలిన చప్పుడైంది. మైలో లేచాడు. కుర్చీల మధ్యనుంచి ఎడమ కాలు ఈడ్చుకుంటూ ముందుకి నడిచాడు. ఎవరో చెయ్యి అందించబోతే వద్దన్నాడు. తెర దగ్గరికి చేరి, ఊపిరి తీసుకుని, ఆ మసక పట్టీ మీద బొటనవేలు పెట్టాడు.

"ఆ పని నేను," అన్నాడు.

కొందరికి వెంటనే అర్థమైంది. కొందరికి పక్కవాళ్లు చెవిలో చెప్పారు. డెల్బర్ట్‌కి చెప్పాల్సిన పని లేదు; ఆ రోజు ట్రాక్టరు కింద నుంచి మైలోని లాగినవాళ్లలో అతనూ ఉన్నాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. చేతులెత్తమని అడగడం కార్లీన్ మరిచిపోయింది. అడగమని ఎవరూ గుర్తు చెయ్యలేదు.

హల్వర్ మాత్రం మైలో వేలి పక్కనున్న ఆ పట్టీ వంకే ఇంకా చూస్తున్నాడు.

"ఇంకో యాభై తోపులు తోసి ఉండాల్సింది," అన్నాడు.